పొగ మానిన పదహారు వేల బస్సులు

పొద్దున్నే బడికి వెళ్లడానికి బస్‌స్టాపులో నిలబడ్డప్పుడు ఒక సంగతి గమనించారా? దూరం నుంచి వస్తున్న బస్సు అంతగా పొగ వదలదు. అది వచ్చి ఆగుతుంది. జనం ఎక్కుతారు, దిగుతారు. కండక్టరు "రైట్, రైట్" అంటాడు. డ్రైవరు యాక్సిలరేటరు తొక్కుతాడు. అప్పుడు వస్తుంది అసలు పొగ! నల్లగా, దట్టంగా, ఒక్కసారిగా. ఎక్కినవాళ్లు హాయిగా వెళ్లిపోతారు. చోటు దొరక్క కింద మిగిలిపోయినవాళ్లు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఆ పొగ మింగుతారు.

బస్సు కదిలేటప్పుడే ఎందుకంత పొగ? నిలబడి ఉన్న బరువైన వస్తువును కదిలించడం కష్టమని మీకు తెలుసు. ఎడ్లబండిని చూడండి. అది కదిలేటప్పుడే ఎడ్లు మెడలు వంచి బలమంతా పెడతాయి. కదిలాక మామూలుగా నడుస్తాయి. డీజిల్ ఇంజనుకు ఒక బలహీనత ఉంది. నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు దానికి బలం తక్కువ. సరిగ్గా ఆ సమయంలోనే బలం ఎక్కువ కావాలి. అందుకని ఇంజనులోకి డీజిలు ఎక్కువగా వెళుతుంది. ఆ డీజిలంతా కాలడానికి చాలినంత గాలి ఆ క్షణంలో అందదు. సగం కాలిన కర్బనం మసి రూపంలో బయటికి వస్తుంది.

ఆ మసి రేణువుల్లో చాలావరకు కంటికి కనిపించనంత సన్నవి. ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2012లో డీజిల్ పొగను మనుషులకు క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది. కాబట్టి రుమాలు అడ్డం పెట్టుకున్నంత మాత్రాన తీరే బాధ కాదు ఇది.

"మరి డీజిల్ బస్సులన్నీ తీసేసి కరెంటు బస్సులు నడపవచ్చు కదా!" అని మీరు అడగవచ్చు. నడపవచ్చు. ఒక మహానగరం నడిపి చూపించింది కూడా. అయితే అక్కడ బస్సులు కొనడం కంటే కష్టమైన పని ఇంకొకటి వచ్చి పడింది. అదేమిటో తెలుసుకోవడానికే ఈ కథ.

షెన్‌జెన్ నగరం

చైనా దక్షిణ తీరంలో, హాంకాంగును ఆనుకుని షెన్‌జెన్ అనే నగరం ఉంది. 1980లో దానిని ప్రత్యేక ఆర్థిక మండలంగా ప్రకటించేనాటికి అదొక చిన్న పట్టణం. 2020 జనాభా లెక్కల్లో అక్కడి జనం కోటి డెబ్బై అయిదు లక్షలు దాటారు. నలభై ఏళ్లలో ఇంతలా పెరిగిన ఊళ్లు ప్రపంచంలో అరుదు.

2017 సంవత్సరం ముగిసేనాటికి ఆ నగరంలో ప్రజలను మోసే బస్సులు 16,359. అవన్నీ కరెంటు బస్సులే! అంత పెద్ద నగరం తన సిటీ బస్సులన్నిటినీ బ్యాటరీలతో నడపడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆ బస్సుల్లో చాలా భాగం తయారుచేసిన బి.వై.డి. అనే కంపెనీ పుట్టినిల్లు కూడా ఆ ఊరే. ఆ కంపెనీ మొదట బ్యాటరీలు తయారుచేసేది. తరువాత కార్లు, బస్సులు మొదలుపెట్టింది.

కరెంటు బస్సులో ఇంజను ఉండదు. డీజిల్ టాంకు, సైలెన్సరు, పొగగొట్టం ఉండవు. ఒక పెద్ద బ్యాటరీ, ఒక మోటారు, బ్యాటరీ నుంచి మోటారుకు ఎంత కరెంటు వెళ్లాలో చూసుకునే కంట్రోలరు ఉంటాయి. ముఖ్యమైనవి ఈ మూడే. ఇంజనుకున్న బలహీనత మోటారుకు లేదు. ఆగి ఉన్నప్పుడు కూడా అది పూర్తి బలంతో తిప్పగలదు. కాబట్టి బస్సు కదిలేటప్పుడు కుదుపు ఉండదు, పొగ ఉండదు, చప్పుడు కూడా ఉండదు. షెన్‌జెన్‌లో కొందరికి ఈ నిశ్శబ్దమే ఇబ్బందిగా తోచింది! వెనకనుంచి బస్సు రావడం వినపడడం లేదు, ఏదైనా శబ్దం పెట్టండి అని బస్సు సంస్థను కోరారు.

ఆగినప్పుడు పోయే శక్తి

సిటీ బస్సుకు కరెంటు బాగా పనికి రావడానికి ఇంకో కారణం ఉంది. అది తెలియాలంటే చిన్న లెక్క చేయాలి. కాగితం, పెన్సిలు తీసుకోండి.

ప్రయాణికులతో కలిపి 18 టన్నులు, అంటే 18,000 కిలోలు తూగే బస్సు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నది అనుకోండి. అంటే సెకండుకు 10 మీటర్లు. దాని గతిజశక్తి ఎంత? ద్రవ్యరాశిని వేగం వర్గంతో గుణించి, అందులో సగం తీసుకోవాలి. 18,000ను 100తో గుణిస్తే 18 లక్షలు. అందులో సగం 9 లక్షల జౌళ్లు.

మీ ఇంటి కరెంటు మీటరు చూపించే ఒక యూనిట్‌కు 36 లక్షల జౌళ్లు. కాబట్టి ఆ బస్సు గతిజశక్తి సరిగ్గా పావు యూనిట్.

ఇప్పుడు స్టాపు వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. ఆ పావు యూనిట్ శక్తి ఎక్కడికి పోయింది? బ్రేకుల రాపిడిలో వేడిగా మారి గాలిలో కలిసిపోయింది. స్టాపులు, ఎర్ర దీపాలు, అడ్డం వచ్చే ఆటోలు, ఆవులు, అన్నీ కలిపి సిటీ బస్సు రోజుకు 300 సార్లు ఆగింది అనుకుందాం. 300 పావులు అంటే 75 యూనిట్లు! ఒక సామాన్య కుటుంబం రెండు మూడు వారాలు వాడుకునే కరెంటు. అదంతా ఒక్క బస్సు బ్రేకుల్లో ఒక్క రోజులో ఆవిరి.

కరెంటు బస్సు ఈ నష్టాన్ని చాలావరకు ఆపుతుంది. మోటారుకు కరెంటు ఇస్తే తిరుగుతుంది. అదే మోటారును బయటినుంచి తిప్పితే కరెంటు ఇస్తుంది. సైకిలు చక్రానికి ఆనించే డైనమో గుర్తుందా? అదే సూత్రం. డ్రైవరు వేగం తగ్గించినప్పుడు మోటారు డైనమోగా మారిపోతుంది. చక్రాలు దానిని తిప్పుతాయి. అది చక్రాలను వెనక్కి పట్టి ఆపుతూ, పుట్టిన కరెంటును బ్యాటరీకి పంపుతుంది. దారిలో కొంత పోతుంది కనుక మొత్తం తిరిగి రాదు. కాని చెప్పుకోదగినంత భాగం వెనక్కి వస్తుంది. డీజిల్ బస్సుకు ఈ అవకాశమే లేదు. వేడిని తిరిగి డీజిలుగా మార్చే యంత్రం ఎవరూ కనిపెట్టలేదు మరి!

మన దగ్గరే దీనికి మంచి ఉదాహరణ ఉంది. తిరుపతి నుంచి తిరుమలకు ఘాట్ రోడ్డు మీద ఎలక్ట్రిక్ బస్సులు 2022లో నడవడం మొదలుపెట్టాయి. కింది ఊరికీ పై ఊరికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 12 టన్నుల బస్సు కొండ ఎక్కిందనుకోండి. 12,000 కిలోలను గురుత్వ త్వరణం 10తోను, ఎత్తు 700తోను గుణిస్తే 8 కోట్ల 40 లక్షల జౌళ్లు. యూనిట్లలో చెబితే 23 పైచిలుకు. డీజిల్ బస్సు కొండ దిగేటప్పుడు ఈ శక్తిని బ్రేకులు, ఇంజను కలిసి వేడి చేసి పారేస్తాయి. ఎలక్ట్రిక్ బస్సు దిగుతూ దిగుతూ అందులో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీలో వేసుకుంటుంది. బ్రేకులూ అంతగా కాగవు.

నూరేళ్ల కిందటి ప్రయత్నం

ఇంత లాభం ఉంటే పూర్వం ఎవరికీ తోచలేదా? తోచింది. 1907 జులైలో లండన్ నగరంలో బ్యాటరీ బస్సులు తిరిగాయి! వాటిని "ఎలక్ట్రోబస్" అనేవారు. ఒక్కొక్క బస్సు కింద ఒకటిన్నర టన్నుల సీసం బ్యాటరీ ఉండేది. ఒకసారి చార్జి చేస్తే 60 కిలోమీటర్ల దాకా వెళ్లేది. మధ్యాహ్నం బస్సును గారేజీకి తెచ్చి, అయిపోయిన బ్యాటరీని దించి కొత్తది ఎక్కించేవారు. ఈ పని కొన్ని నిమిషాల్లో అయిపోయేది. పొగ, వాసన, రొద లేవు గనుక జనం మెచ్చుకున్నారు కూడా. కాని కంపెనీ నడిపినవాళ్ల డబ్బు వ్యవహారాలు సరిగా లేవు. 1910 నాటికి లండన్‌లో ఆ బస్సులు కనుమరుగైపోయాయి. తరువాత రోడ్డంతా పెట్రోలు, డీజిలుదే అయింది.

కంపెనీ నిజాయితీగా నడిచినా, సీసం బ్యాటరీతో దూరప్రయాణం సాగేది కాదు. మళ్లీ లెక్క చూడండి. ఇప్పటి సిటీ బస్సు రోజంతా తిరగాలంటే సుమారు 250 యూనిట్ల బ్యాటరీ కావాలి. సీసం బ్యాటరీ ఒక కిలో బరువుకు యూనిట్‌లో దాదాపు ముప్పయ్యో వంతు మాత్రమే దాచగలదు. అంటే 250 యూనిట్లకు ఏడెనిమిది టన్నులు! బస్సు బ్యాటరీని మోయడానికే సరిపోతుంది, మనుషులకు చోటుండదు.

ఈ ముడిని విప్పింది లిథియం. లోహాలన్నిటిలో తేలికైనది అదే. లిథియం అయాన్ బ్యాటరీలో ఆ లోహపు అయాన్లు ఒక ధ్రువం నుంచి ఇంకో ధ్రువానికి ప్రయాణిస్తాయి. చార్జి చేసినప్పుడు అటు, వాడుకున్నప్పుడు ఇటు. వీటిలో ఒక రకానికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ అని పేరు. ఇందులో ధనధ్రువానికి ఇనుము, ఫాస్ఫేటు కలిసిన పదార్థం వాడతారు. ఆ పదార్థం ఇందుకు పనికివస్తుందని 1997లో ప్రకటించిన శాస్త్రజ్ఞుల బృందంలో అక్షయ పాఢీ, నంజుండస్వామి, జాన్ గుడ్‌ఇనఫ్ ఉన్నారు. లిథియం అయాన్ బ్యాటరీల మీద కృషికి గుడ్‌ఇనఫ్‌కు 2019లో నోబెల్ బహుమతి పంచారు. ఈ రకం బ్యాటరీ తేలికలో అన్నిటికన్నా మేటి కాదు. కాని చవక. సులభంగా అంటుకోదు. వేలసార్లు చార్జి చేసినా తట్టుకుంటుంది. రోజూ అరవై మందిని మోసే బస్సుకు కావలసిన గుణాలు ఇవే. షెన్‌జెన్ బస్సుల్లో ఎక్కువగా వాడిన బ్యాటరీ ఇదే.

అయినా బరువు సమస్య పూర్తిగా తీరలేదు. అలాంటి బ్యాటరీ 250 యూనిట్లది సుమారు రెండున్నర టన్నులు తూగుతుంది. అంటే 38 మంది ప్రయాణికుల బరువు. అంతే దూరం వెళ్లడానికి డీజిల్ బస్సుకు సుమారు 60 లీటర్లు చాలు. దాని బరువు 50 కిలోలు. డీజిలు ఎందుకు ఇంతకాలం రాజ్యమేలిందో తెలిసింది కదా?

రాత్రి లెక్క

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. డీజిల్ బస్సు డిపోకు వచ్చి, టాంకు నింపుకుని, అయిదు నిమిషాల్లో పక్కకు తప్పుకుంటుంది. కరెంటు బస్సు అలా కాదు. మంచి వేగంగా చార్జి చేసే యంత్రం, అంటే 150 కిలోవాట్లది పెట్టినా దాదాపు రెండు గంటలు నిలబడాలి. బండి ఎప్పుడు తింటుందన్నది డీజిల్ రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు డిపో మేనేజరుకు అదే ముఖ్యమైన ప్రశ్న అయింది. ఏ బస్సు ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు నిలబడాలి?

గుండు లెక్కలతో చూద్దాం. 16,000 బస్సులు. ఒక్కొక్కదానికి రాత్రికి 200 యూనిట్లు కావాలి అనుకుందాం. మొత్తం 32 లక్షల యూనిట్లు. బస్సులన్నీ రాత్రి పదకొండు గంటలకు వచ్చి ఒక్కసారే 150 కిలోవాట్ల యంత్రాలకు తగిలించుకున్నాయనుకోండి. 16,000ను 150తో గుణిస్తే 24 లక్షల కిలోవాట్లు, అంటే 2,400 మెగావాట్లు! నాగార్జునసాగర్ ప్రధాన జలవిద్యుత్ కేంద్రం మొత్తం సామర్థ్యం సుమారు 816 మెగావాట్లు. అలాంటివి మూడు కావాలన్నమాట. అదీ రాత్రి పన్నెండున్నర దాకా మాత్రమే. తరువాత అవి ఊరికే కూర్చోవాలి.

అలా కాకుండా అవే 32 లక్షల యూనిట్లను ఎనిమిది గంటల్లో నింపాదిగా పంచితే? గంటకు 4 లక్షల యూనిట్లు, అంటే 400 మెగావాట్లు చాలు. మూడు నాగార్జునసాగర్ల పని ఒకదానిలో సగంతో తీరిపోయింది!

పెళ్లి భోజనాలు తలుచుకోండి. వెయ్యిమంది చుట్టాలు వస్తే వెయ్యి విస్తళ్లూ ఒకేసారి వేస్తారా? పందిట్లో పట్టినంతమందిని కూర్చోబెడతారు. ఆ బంతి లేచాక రెండో బంతి. అందరూ తింటారు. పందిరి చిన్నదైనా సరిపోతుంది. వడ్డించేవాళ్లు తక్కువైనా సరిపోతుంది. కాని ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో చూసే పెద్దమనిషి ఒకరు ఉండాలి. తెల్లవారుజామున బండికి వెళ్లవలసిన చుట్టాన్ని ఆఖరి బంతిలో కూర్చోబెడితే గొడవే!

షెన్‌జెన్ డిపోల్లో చేసింది ఇదే. ఒక్కో బస్సుకు ఒక్కో యంత్రం పెట్టలేదు. ఒక యంత్రం దగ్గరికి కొన్ని బస్సులు వంతులవారీగా వస్తాయి. అక్కడ రాత్రిపూట కరెంటు ధర పగటి ధర కంటే బాగా తక్కువ. ఫాక్టరీలు, ఆఫీసులు నిద్రపోయే వేళ కరెంటు మిగిలి ఉంటుంది గనుక ఆ ఏర్పాటు. బస్సులకు ఆ వేళే తీరిక. రెండూ చక్కగా కలిశాయి. పగలు ఖాళీగా ఉండే యంత్రాలు కొన్ని చోట్ల ఇతరుల కార్లకు కూడా పనికివచ్చాయి.

స్థలం మాత్రం పెద్ద తలనొప్పి అయింది. డీజిల్ బస్సులను రాత్రి రోడ్డు పక్కన కూడా నిలపవచ్చు. చార్జి కావలసిన బస్సుకు యంత్రం, తీగలు, ట్రాన్స్‌ఫార్మరు ఉన్న స్థలమే కావాలి. కిక్కిరిసిన నగరంలో భూమి బంగారం. అందుకని నగర పాలకులు, కరెంటు సంస్థ, బస్సు సంస్థలు కలిసి కూర్చుని స్థలాలు వెతకవలసి వచ్చింది. బస్సుల కంటే ముందు తీగలు రావాలి. తీగల కంటే ముందు చోటు దొరకాలి.

ఒక్క రోజులో జరగలేదు

2009లో చైనా ప్రభుత్వం కొన్ని నగరాలను ఎంచి, కొత్త రకం వాహనాలను ముందు అక్కడ నడిపి చూడాలని నిశ్చయించింది. షెన్‌జెన్ వాటిలో ఒకటి. 2011లో అక్కడ ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడోత్సవం జరిగింది. ఆ సందర్భంగా కొత్త బస్సులు ఎక్కువ సంఖ్యలో రోడ్డెక్కాయి. ఏ దారిలో బ్యాటరీ ఎంత ఖర్చవుతుంది, ఎండాకాలంలో ఎయిర్ కండిషనర్ ఎంత తింటుంది, ఎక్కడ మధ్యలో చార్జి చేయాలి, ఇవన్నీ నడిపి తెలుసుకున్నారు. పెద్ద ఎత్తున మార్పు ఆ తరువాతే వచ్చింది. మొదటి ప్రయత్నం నుంచి 2017 వరకు ఎనిమిదేళ్లు పట్టింది.

డబ్బు సంగతి? అప్పట్లో అక్కడ డీజిల్ బస్సు ధర సుమారు 5 లక్షల యువాన్లయితే కరెంటు బస్సు ధర సుమారు 18 లక్షలు. మూడు రెట్ల కంటే ఎక్కువ! ఆ ధరలో సగానికి పైగా దేశ ప్రభుత్వం, నగర ప్రభుత్వం కలిసి భరించాయి. మిగిలినది కూడా బస్సు సంస్థలు ఒక్కసారే చెల్లించకుండా ఎనిమిదేళ్ల అద్దె పద్ధతి మీద తీసుకున్నాయి. బ్యాటరీ, మోటారు, కంట్రోలరు, ఈ మూడింటికీ ఆ ఎనిమిదేళ్లూ పూచీ తయారీదారుదే. ఈ సాయం లేకపోతే అంత తొందరగా మార్పు వచ్చేది కాదు. కరెంటు బస్సు కొనేటప్పుడు ప్రియం, నడిపేటప్పుడు చవక. కొనేరోజు గండం ఎలా గట్టెక్కాలన్నదే ప్రతి నగరానికీ ప్రశ్న.

మనుషులు కూడా మారవలసి వచ్చింది. డ్రైవరు బ్రేకు మీద ఒక్కసారిగా కాలు వేస్తే మోటారు శక్తిని వెనక్కి తీసుకోలేదు. ముందునుంచే మెల్లగా వేగం తగ్గించాలి. అలా నడిపే డ్రైవరు ఎక్కువ కరెంటు మిగులుస్తాడు. ఇక మెకానిక్కుల సంగతి. ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగల అనుభవం వాళ్లది. ఇప్పుడు చప్పుడే లేదు! వందల వోల్టుల తీగల దగ్గర ప్రాణాపాయం లేకుండా పనిచేయడం, కంప్యూటరులో బ్యాటరీ ఆరోగ్యం చూడడం కొత్తగా నేర్చుకోవాలి. పైగా మోటారులో తిరిగే భాగాలు తక్కువ గనుక మరమ్మతు పనీ తక్కువ. ఏ నగరమైనా ఈ మార్పుకు పూనుకున్నప్పుడు పాత మెకానిక్కులకు శిక్షణ, పని చూపించడం కూడా లెక్కలో చేర్చుకోవాలి.

పొగ ఎక్కడికి పోయింది?

తెలివైన విద్యార్థి ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వేస్తాడు. "బస్సు పొగ వదలదు, సరే. ఆ కరెంటు ఎక్కడినుంచి వచ్చింది? బొగ్గు కాల్చి తయారుచేస్తే పొగ అక్కడ వచ్చినట్టే కదా?"

న్యాయమైన ప్రశ్నే. చైనాలోనూ, మన దేశంలోనూ కరెంటులో సగం కంటే ఎక్కువ బొగ్గు నుంచే వస్తుంది. కాబట్టి కరెంటు బస్సు వల్ల పొగ పూర్తిగా మాయమైందనడం తప్పు. కొంత తగ్గింది, మిగిలినది చోటు మారింది అనాలి.

తగ్గడం ఎందుకంటే, ఒక లీటరు డీజిలులో సుమారు 10 యూనిట్ల శక్తి ఉంటుంది. సిటీలో దానితో బస్సు 4 కిలోమీటర్లు వెళితే కిలోమీటరుకు రెండున్నర యూనిట్లు ఖర్చు. కరెంటు బస్సుకు కిలోమీటరుకు ఒక యూనిట్, ఒకటింబావు సరిపోతుంది. ఇంజనులో ఎక్కువ భాగం వేడిగా పోతే, మోటారులో పదింట ఎనిమిది తొమ్మిది వంతులు చక్రానికి చేరడమే ఇందుకు కారణం. థర్మల్ కేంద్రంలో కూడా బొగ్గు వేడిలో ఎక్కువ భాగం వృథా అవుతుందన్న మాట నిజం. అందుకే కరెంటు ఎక్కడినుంచి వస్తుందన్నది ముఖ్యం. షెన్‌జెన్‌కు ఈ విషయంలో కొంత అదృష్టం ఉంది. పక్కనే దయా బే అణువిద్యుత్ కేంద్రం ఉంది. పడమటి కొండ ప్రాంతాల నుంచి జలవిద్యుత్తు కూడా వస్తుంది. అక్కడి బస్సులను పరిశీలించిన ప్రపంచ బ్యాంకు అధ్యయనం, కరెంటు తయారీలో వచ్చేదాన్ని కూడా కలిపి చూస్తే కార్బన్ డయాక్సైడ్ దాదాపు సగానికి తగ్గిందని తేల్చింది.

చోటు మారడంలో కూడా మేలుంది. బస్‌స్టాపులో మీ ముక్కు పక్కన వచ్చే పొగ వేరు, ఊరికి దూరంగా ఎత్తయిన చిమ్నీ నుంచి వచ్చే పొగ వేరు. ఒకచోట వచ్చే పొగను వడకట్టడం పదహారు వేల గొట్టాలకు కాపలా కాయడం కంటే సులువు. అయితే ఆ చిమ్నీ నీడలో కూడా ఊళ్లుంటాయి, అక్కడా పిల్లలుంటారు. మన పొగ వాళ్ల నెత్తిన వేసి ఊరుకోకూడదు. సూర్యరశ్మి, గాలి, నీటి నుంచి వచ్చే కరెంటు పెరిగినకొద్దీ ఇదే బస్సు, ఒక్క బోల్టు మార్చకుండానే, ఇంకా శుభ్రమైన బస్సు అవుతుంది. డీజిల్ బస్సుకు ఆ భాగ్యం లేదు.

మన ఊళ్లలో

2019లో హైదరాబాదులో శంషాబాదు విమానాశ్రయానికి తెలంగాణ ఆర్.టి.సి. 40 ఎలక్ట్రిక్ బస్సులు నడపడం మొదలుపెట్టింది. ఆ బస్సులకు షెన్‌జెన్‌తో చుట్టరికం ఉంది. హైదరాబాదు కంపెనీ ఒకటి బి.వై.డి. పరిజ్ఞానంతో వాటిని తయారుచేసింది. 40 బస్సులు నడపడం వేరు, నగరంలోని వేల బస్సులను మార్చడం వేరు. అప్పుడు ప్రతి డిపోలోనూ రాత్రి లెక్క వేయవలసిందే.

ఆ లెక్క మీరు కూడా వేయగలరు. ఇదిగో, ప్రయత్నించండి.

ఒక డిపోలో 60 కరెంటు బస్సులున్నాయి. ఒక్కొక్కటి రోజుకు 200 కిలోమీటర్లు తిరుగుతుంది. కిలోమీటరుకు ఒక యూనిట్ ఖర్చు. రాత్రి 11 నుంచి తెల్లవారుజామున 5 దాకా బస్సులు డిపోలో ఉంటాయి. చార్జి చేసే యంత్రం ఒక్కొక్కటి 100 కిలోవాట్లది. ఎన్ని యంత్రాలు కావాలి? ఒక్క బస్సుకు 200 యూనిట్లు, అంటే రెండు గంటలు. ఆరు గంటల్లో మూడు బంతులు. కాబట్టి 20 యంత్రాలు, 2,000 కిలోవాట్ల కరెంటు చాలు. ఒకే బంతి వేస్తే 60 యంత్రాలు, 6,000 కిలోవాట్లు కావలసి వచ్చేవి.

ఇప్పుడు అసలు పరీక్ష. మే నెల వచ్చింది. ఎయిర్ కండిషనర్ వల్ల ఖర్చు కిలోమీటరుకు 1.3 యూనిట్లకు పెరిగింది. 200 కిలోమీటర్లకు 260 యూనిట్లు కావాలి. బ్యాటరీలో పట్టేది 250. డిపో మేనేజరు మీరే అయితే ఏం చేస్తారు? మధ్యాహ్నం ఏ బస్సును, ఎంతసేపు ఆపుతారు? ఆ వేళ ఆ దారిలో నిలబడే ప్రయాణికులకు ఏం చెబుతారు?

చివరగా ఇంకో ప్రశ్న. తిరుమల కొండ మీద బ్యాటరీని నూటికి నూరుపాళ్లు నింపుకుని దిగడం మొదలుపెట్టిన బస్సుకు దారిలో ఏ ఇబ్బంది వస్తుంది? డైనమో ఇచ్చే కరెంటు ఎక్కడికి వెళ్లాలో ఆలోచిస్తే మీకే తెలుస్తుంది.

ఈసారి బస్‌స్టాపులో నిలబడ్డప్పుడు, వచ్చిన బస్సు ఎన్నిచోట్ల ఆగుతుందో లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. ఆగిన ప్రతిచోటా ఒక పావు యూనిట్ వేడిగా పోతున్నదని గుర్తుంచుకోండి. మీరు పెద్దవాళ్లయి ఏ డిపోలోనో, ఏ కరెంటు ఆఫీసులోనో కూర్చునేనాటికి ఆ పావులను మిగల్చవలసింది మీరే.